అంజినప్ప ఏటవాలు గీతలు

అంజినప్ప తాత లెక్కలో లోకంలోని ప్రతి వస్తువుకూ ఒక మొహం ఉంటుంది. పెట్టెకు మొహం, మంచానికి మొహం, రాగుల గాదెకు మొహం. ఆ మొహాన్ని కాగితం మీద ఎదురుగా నిలబెట్టి, ఉన్నది ఉన్నట్టు చదరంగా గీసేవాడు. మిగిలిన ఒళ్ళంతా మూలల దగ్గర పట్టుకుని కుడిచేతి వైపు పైకి ఏటవాలుగా లాగేసేవాడు. అన్ని గీతలదీ ఒకే వాలు. ఒకటి ఎక్కువ వంగడం, ఒకటి తక్కువ వంగడం ఆయన దగ్గర చెల్లదు. ఆఖరి గీత కలిసేసరికి కాగితం మీది చదరం కాస్తా లేచి పెట్టె అయ్యేది. ఎన్నిసార్లు గీసినా సరే, పెట్టె లేచినప్పుడల్లా తాత నోరు కొంచెం తెరుచుకునేది. ఈగ దూరేంత.

దిబ్బూరహళ్ళి ఇంటి గోడలకు సున్నం కొట్టిన వారం తిరక్కుండానే బొగ్గు పెట్టెలు మొలిచేవి. పొయ్యి దగ్గర ఒకటి, దేవుడి గూటి పక్కన రెండు. ఒకసారి పొరుగింటి మునిశామప్ప గేదెను కూడా ఇదే పద్ధతిలో గీశాడు. మొహం ఎదురుగా, కొమ్ములతో సహా కొలతకు సరిగ్గా ఉంది. ఒళ్ళు మాత్రం ఏటవాలుగా వెనక్కి పోయింది, ఉన్నదాంట్లో సగం పొడుగున.

"ఏమప్పా, పూటకు నాలుగు శేర్లిచ్చే గొడ్డును మేకపిల్లను చేసి పెట్టినావే!" అని మునిశామప్ప నొచ్చుకున్నాడు.

"సగం గీస్తేనే కంటికి నిండుగా ఉండాదప్పా," అన్నాడు తాత.

"అయితే పాలు గూడా సగమే పిండుకోవాల్నా?"

 తాత దగ్గర జవాబు ఉన్న ప్రశ్నలు ఆ ఊళ్ళో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, పాపం.

ఈ విద్య ఆయనకు చింతామణిలో అబ్బింది. బడిలో చదివి కాదు, బడి ఊడ్చి. నాలుగో తరగతిలోనే పలక మూలన పెట్టేసిన మనిషి, పద్దెనిమిదో ఏట అక్కడ ఒక మిడిల్ స్కూలులో జవానుగా చేరాడు. గంట కొట్టడం, నీళ్ళు మోయడం, నల్లబల్ల తుడవడం ఆయన పని. డ్రాయింగు క్లాసు అయిన తర్వాత మాత్రం నల్లబల్ల తుడవడానికి చేతులు వచ్చేవి కావు. గుడ్డ పట్టుకుని అట్లా నిలబడి చూస్తున్నవాణ్ణి డ్రాయింగు మేష్ట్రు ఒకరోజు పట్టుకున్నాడు. తిట్టలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి కిటికీ గట్టు మీద పెట్టి, "దీన్ని గీయి," అన్నాడు.

ఆ అగ్గిపెట్టెను తాత ఆరేళ్ళు గీశాడు. చివరి గంట కొట్టేసి, పిల్లలంతా పోయాక, మేష్ట్రు పక్కన నిలబడి గీసేవాడు. ఆయన చెప్పినవాటిలో తాతకు ప్రాణం లేచివచ్చిన సంగతి ఒకటుంది. వెనక్కి పోయే ఏటవాలు గీతను రెండు రకాలుగా గీయవచ్చు. వస్తువు లోతు ఎంత ఉందో అంతా గీయవచ్చు, లేదా అందులో సగమే గీయవచ్చు. అంతా గీస్తే కొలత నిజంగానే ఉంటుంది, కానీ అగ్గిపెట్టె సాగదీసిన ఇటుకలాగా కనిపిస్తుంది. సగం గీస్తే అచ్చం అగ్గిపెట్టెలాగే ఉంటుంది, కానీ కొలత నిజం కాదు.

"రెండిట్లో ఒక అబద్ధం ఆడాల్సిందే అంజినప్పా," అన్నాడు మేష్ట్రు. "కొలత నిజం చెప్తే కన్ను నమ్మదు. కన్ను నమ్మితే కొలత అబద్ధం. నువ్వు ఏ అబద్ధమాడినా సరే, పక్కన అంకె యెయ్యి. అంకె లేని బొమ్మను ఇంకొకరి చేతికి ఇయ్యద్దు."

ఇందులో మొదటి మాటలన్నీ తాత జీవితమంతా అప్పజెప్పగలిగేవాడు. చివరి మాటను మాత్రం విన్నాడు, అంతే.

తండ్రి పోయాక జవాను పని వదిలేసి దిబ్బూరహళ్ళి వచ్చి మూడెకరాల మెట్ట దున్నాడు. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. భార్య చెన్నమ్మ శిడ్లఘట్ట వెళ్ళి గుండప్ప షెడ్డులో పట్టు తీసే కూలికి చేరింది. ఆవిడ వెనకాలే ఆయనా వెళ్ళి, అక్కడే ఇల్లు తీసుకుని, అదే షెడ్డులో విరిగిన రాట్నాలు బాగుచేసే పని పట్టుకున్నాడు. వడ్రంగం ఇంటి పని కాదు. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే. ఊళ్ళో వడ్రంగి ఆచారులు చూసి, "సేద్యగాని చేతిలో ఉలి చూడప్పా, చెరకుగడ పట్టుకున్నట్టుండాది," అని నవ్వేవాళ్ళు. తాత కూడా వాళ్ళతోపాటు నవ్వేసి, చెవి మీది పెన్సిలు తీసి చెక్క మీద ఏదో ఒకటి గీసుకునేవాడు. అప్పటికి ఆయన ఎవరికీ తాత కాదు, ముప్పై దాటిన మనిషి. అయినా ఆ పెన్సిలూ, ఆ నోరు తెరవడమూ చూస్తే పుట్టినప్పటి నుంచీ తాతేనేమో అనిపిస్తుంది.

గుండప్ప షెడ్డులో పొయ్యిలు నేల మీదే ఉండేవి. పొయ్యి మీద బాన, బానలో కాగే నీళ్ళు, నీళ్ళలో పట్టుగూళ్ళు. ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, నడుము ముందుకు వంచి, మొహం ఆవిరిలో పెట్టి, ఆ నీళ్ళలోనే వేళ్ళు ముంచి గూళ్ళ కొసలు వెతికి పట్టుకోవాలి. ఎనిమిదో పదో గూళ్ళ పోగులు కలిసి ఒక దారమై, మూడడుగుల అవతల తిరిగే చక్రం మీదికి పోతాయి. ఆ మూడడుగుల గాలిలోనే దారం తడి ఆరాలి. ఆరకుండా చక్రం ఎక్కితే పోగులు ఒకదానికొకటి జిగురుతో అతుక్కుని, చుట్ట అంతా అట్టలాగా బిగిసిపోతుంది. దాన్ని ఏ నేతగాడూ ముట్టుకోడు. చక్రం మూడడుగుల అవతల ఉండాలన్నది శిడ్లఘట్టలో ఒకరు ఇంకొకరికి చెప్పవలసిన సంగతి కాదు.

ఏడేళ్ళకు చెన్నమ్మ నడుము పోయింది. మొదట్లో సాయంత్రం లేచేటప్పుడు గోడ పట్టుకునేది. తర్వాత ఇంటి దారిలో సగం దూరం వంగే నడిచి, మిగిలిన సగం నిటారుగా నడిచేది. పందొమ్మిది వందల నలభై రెండులో ఇంటి గడప దాకా వంగే వచ్చింది. గడప దగ్గర చెంబు నీళ్ళు అందుకోవడానికి కూడా తల ఎత్తలేకపోయింది.

 మర్నాడు ఆవిడ గొంతుక్కూర్చున్నప్పుడు తాత పక్కన చేరి, మోకాలి నుంచి మోచేతికి ఎంత, మోచేతి నుంచి నీళ్ళకు ఎంత అని బద్దతో కొలవడం మొదలుపెట్టాడు.

"అందరూ చూస్తాండారు, పక్కకు పో. నన్నేమన్నా మంచానికి కొలుస్తాండావా?" అని చెన్నమ్మ కసిరింది.

"బెంచీకి కొలుస్తాండా," అన్నాడు.

నెల తిరిగేసరికి మామిడి చెక్కతో ఒక బెంచీ తయారైంది. పొయ్యి నేల మీది నుంచి నడుము ఎత్తుకు వచ్చింది. ముందు కూర్చోవడానికి పీట, పీటకు వెనక వీపు ఆనించుకునే పలక. బాన చేతుల కిందికే జరిగింది. అవతలి కొసన, సరిగ్గా మూడడుగుల మీద చక్రం. అంతా ఒకే చట్రం. గుండప్ప గొణుక్కుంటూనే షెడ్డు మూలలో చోటిచ్చాడు.

ఆ బెంచీ రెండు నెలలు బతికింది. ఆ రెండు నెలలూ చెన్నమ్మ ఇంటికి నిటారుగా నడిచి వచ్చింది. ఏడేళ్ళుగా నేలను చూస్తూ నడిచిన మనిషికి ఊరు కొత్తగా కనబడింది. "గుండప్ప ఇంటి మీద ఎర్ర పెంకులు ఎప్పుడేసినారు?" అని అడిగేది. "ఆ పెంకులు యేసి నాలుగేండ్లాయ," అంటే నమ్మేది కాదు.

మామిడి చెక్కకు ఆవిరి పడలేదు. మూడో నెలలో ఒక కాలు నిలువునా చీలి, బాన ఒరిగి, గూళ్ళన్నీ నేలపాలయ్యాయి. ఎవరికీ కాలలేదు, అదే అదృష్టం. గుండప్ప ఆ బెంచీని గొడ్డలితో కొట్టించి అదే పొయ్యిలో పెట్టించాడు.

"మంచి మానుతో చేస్తే నూరేండ్లు ఉంటాది గుండప్పా," అన్నాడు తాత.

"మంచి మాను యాడుండాదప్పా ఈ యుద్ధంలో? టేకంతా దండుకు పోతాంటే? గవర్నమెంటోల్లు చేసిస్తే పెట్టుకుంటా. నీ మామిడి చెక్క మాత్రం నా షెడ్డు గడప తొక్కకూడదు."

అప్పటి నుంచి తాతకు ఒకటే ధ్యాస. గవర్నమెంటు చేత ఆ బెంచీ చేయించాలి. చెన్నమ్మ నడుము పూర్తిగా వంగిపోక ముందే చేయించాలి.

విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలని అప్పుడు శిడ్లఘట్టకు ఎక్కడెక్కడి ఆఫీసర్లో వచ్చిపోతున్నారు. వాళ్ళలో పద్మనాభయ్య అనే ఇన్‌స్పెక్టరు ఒకాయన, పట్టు పని మెరుగుపరచడానికి ఏమైనా ఉపాయాలుంటే చెప్పమని షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. తాత వెళ్ళి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు విన్నాడు. విని, "నీ మాట పైకి పోదప్పా, కాగితం పోతుంది. గీసుకొని రా," అన్నాడు.

తాతకు ఇంతకంటే మంచి మాట ఎవరూ చెప్పి ఉండరు. మూడు రోజుల్లో గీసేశాడు. అడుగుకు అంగుళం లెక్క. కూర్చునే వైపు మొహం ఎదురుగా పెట్టి, చక్రం వైపుకు పోయే మూడడుగులనూ ఏటవాలుగా మూడంగుళాలకు లాగాడు. లోతు అంతా గీశాడు. కొలత నిజం చెప్పాలన్నది ఆయన ఉద్దేశం.

పద్మనాభయ్య కాగితాన్ని దూరంగా పెట్టుకుని చూశాడు. "ఇష్టు ఉద్దనా?" అని కన్నడంలో నోరు తెరిచి, మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. "ఇంత పొడుగా? ఇది బెంచీయా, రైలు పెట్టెనా? ఇది పెట్టాలంటే షెడ్డు గోడ పగలగొట్టాలి."

"లేదు స్వామీ, మూడడుగులే. కొలిచి చూడండి."

"పైనుండే దొరలు కొలవరప్పా, చూస్తారు. చూసేదానికి బాగుండేట్టు గీయి."

అట్లా తాత రెండో అబద్ధానికి దిగాడు. ఈసారి చిక్కబళ్ళాపురం నుంచి దళసరి కాగితం తెప్పించాడు. పది రోజులు గీశాడు. మొహం ఉన్నది ఉన్నట్టు, ఎత్తు ఉన్నది ఉన్నట్టు, లోతు సగం. మూడంగుళాల గీత ఒకటిన్నర అంగుళమైంది. నల్ల సిరాతో గీతలు దిద్దాక ఆ బెంచీ కాగితంలోంచి బయటికి వచ్చి, కూర్చోమన్నట్టు ఉండేదట. ఇంటి ముందు పోతున్నవాళ్ళు ఆగి చూసిపోయేవాళ్ళు. తాత నోరు ఆ పది రోజులూ మూతపడనే లేదు.

చివర్లో పక్కన అంకెలు వేశాడు. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, లోతు మూడడుగులు, గీసింది సగం. ముందు పెన్సిలుతో రాసి చూసుకున్నాడు. నాలుగో తరగతి చేతిరాత. నున్నటి సిరా గీతల పక్కన ఆ అక్షరాలు కోడి గెలికినట్టు ఉన్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. చాలాసేపు చూశాడు. తర్వాత రబ్బరు తీసుకుని ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు.

చెన్నమ్మ చాటలో రాగులు చెరుగుతూ చూసింది. "అవెందుకు చెరిపేస్తాండావు?"

"బొమ్మ పాడైపోతాంది."

"అంకె లేకుండా ఇయ్యద్దని మీ మేష్ట్రు చెప్పినాడంటివి గదా?"

"అది చిన్న పిల్లోల్లకు. ఇది చూస్తానే తెలుస్తాది, లోతు సగం గీసినాడని. గీతలు తెలిసినోనికి యెవరికైనా తెలుస్తాది."

"నాకు తెలీలా," అంది చెన్నమ్మ.

"నువ్వు గీతలు తెలిసినదానివా?" అని నవ్వి, కాగితం మీది రబ్బరు పొడి ఊదేశాడు.

ఇన్‌స్పెక్టరు ఆ బొమ్మ చూసి, "చన్నాగిదె, చన్నాగిదె," అని రెండుసార్లు మెచ్చుకుని, తాత భుజం తట్టాడు. కింద 'అడుగుకు అంగుళం' అని తన చేత్తోనే రాసి, గుండ్రని మొహరు వేశాడు. బొమ్మ పైకి పోయి, మంజూరై, చిక్కబళ్ళాపురంలో బయ్యప్ప అనే మేస్త్రి కార్ఖానాకు వచ్చింది. నలభై బెంచీలు, గవర్నమెంటు టేకుతో. అందులో పన్నెండు గుండప్ప షెడ్డుకు. పన్నెండులో ఒకటి చెన్నమ్మకు.

నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ చెన్నమ్మ తలుపు పక్క చోటు కోసం తోటి ఆడవాళ్ళతో పోట్లాడింది. "ఈ చోటు నాది, నా మొగుడు గీసిన బెంచీ ఇక్కడే పడాల," అనేది. నడుము పట్టేసిన రోజు కూడా, "ఇంగ రెండు నెల్లు," అనుకుంటూ గోడ పట్టుకుని లేచేది. తాత ఏ రోజుకారోజు ఆవిడ వీపు చూసి, ఏ వాలులో ఉందో లోపల లెక్క వేసుకునేవాడు.

బెంచీలు చిన్న రైల్లో వచ్చాయి. తాత స్టేషనుకు ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాడు. కూలీలు ఒక్కొక్కటే దించి వరసగా నిలబెట్టారు. మొహాలు తాత వైపే ఉన్నాయి. నలభై మొహాలు, నలభయ్యీ ఒక్కలాగే. పీట ఎత్తు, పలక వెడల్పు, కాళ్ళ మధ్య దూరం ఒక్క నూలుపోగంత కూడా తేడా లేదు. టేకు నూనె రాసి మెరుస్తోంది. తాత నోరు తెరుచుకుంది.

అప్పుడొక కూలీ, బండికెత్తడానికి మొదటి బెంచీని పక్కకు తిప్పాడు.

తాత ముందుకు రెండడుగులు వేసి, జేబులోంచి బద్ద తీసి వెనక్కి పోయే పట్టీ మీద పెట్టాడు. ఒకటిన్నర అడుగు. రెండో బెంచీకి పెట్టాడు. ఒకటిన్నర. కూలీలు బండికెత్తుతూ ఉంటే ఒక్కొక్కదాని వెనకా బద్ద పట్టుకుని పరిగెత్తాడు. నలభయ్యో దానికి బద్ద పెట్టలేదు. చేత్తో తడిమి వదిలేశాడు.

ఇన్‌స్పెక్టరుకు అడ్డం పడి చెప్పబోయాడు. ఆయన వెంట పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడున్నాడు. వినే తీరిక ఎవరికీ లేదు. అదే రోజు మధ్యాహ్నం గుండప్ప షెడ్డులో పరీక్ష పెట్టారు. చెన్నమ్మనే కూర్చోబెట్టారు. ఆవిడ కొత్త రవిక వేసుకుని వచ్చింది. పీట మీద కూర్చుని, వీపు పలకకు ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిస్తే చక్రం ముక్కు ముందర తిరుగుతోంది.

దారం బానలోంచి లేచింది లేచినట్టే, నీళ్ళు కారుతూ చక్రమెక్కింది. చెన్నమ్మ తాత వైపు చూసింది. ఆపమని తాత చెయ్యెత్తాడు. ఆపకూడదని ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. కాసేపటికి చక్రం మీది పట్టు అంతా కలిసి ఒక్క ముద్దై గట్టిపడింది. పెద్దమనిషి వేలితో తట్టి చూశాడు. టకటక చప్పుడైంది. రుమాలుతో వేలు తుడుచుకున్నాడు.

"స్వామీ, బెంచీది తప్పు కాదు," అన్నాడు తాత. "లోతు మూడడుగులు ఉండాల. నేను గీసింది సగం. కంటికోసరం సగం గీసినా."

ఇన్‌స్పెక్టరు బొమ్మ నకలు తెప్పించి బల్ల మీద పరిచాడు. "సగం అని యాడ రాసినావు?"

తాత కాగితం మీదికి వంగి చూశాడు. అక్కడేముంది, తెల్లగా.

"ఒకటిన్నర అంగుళం గీసినావు. ఒకటిన్నర అడుగు చేసినారు. నీ బొమ్మలో ఉండేదే చేసినారు గదప్పా?"

"మీరే గదా స్వామీ, చూసేదానికి బాగుండాలంటిరి..."

ఆ మాట అనకుండా ఉండవలసింది. ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. పెద్దమనిషి ముందర ఇంకొక్క మాట మాట్లాడనివ్వలేదు. గుండప్ప మాత్రం అందరికీ వినబడేట్టు నవ్వాడు.

"పోనీలే, సగం అంజినప్ప సగం బెంచీ చేసినాడు. సగం పట్టు వచ్చింది."

ఆ పేరు శిడ్లఘట్టలో నిలిచిపోయింది. సంతలో, స్టేషనులో, మంగలి దగ్గర కూడా ఆయన సగం అంజినప్పే.

మర్నాడు తాత రైలు ఎక్కి చిక్కబళ్ళాపురం పోయాడు. బయ్యప్ప మేస్త్రిని తిట్టడానికే పోయాడు. అంత దూరం వెళ్ళి ఎవరినైనా తిట్టడం ఆయన జన్మలో అదే మొదలు. కార్ఖానాలో బయ్యప్ప చిత్రిక పడుతున్నాడు. తాత ఎవరో తెలిశాక పని ఆపి, గూట్లోంచి బొమ్మ తీసి ఇచ్చాడు. నలగకుండా, మరక పడకుండా దాచాడు. "ఇట్లాంటి చేతిపని నేను చూడలేదప్పా, అందుకే పారేయలా," అన్నాడు.

తాత వెలుగులో పెట్టి చూశాడు. గీతల కొసల్లో సన్నటి బెజ్జాలు ఉన్నాయి. కొలత ముల్లు గుచ్చిన గుర్తులు. ప్రతి మూలకూ ఒకటి, సరిగ్గా గీత మొదలైన చోట, గీత ముగిసిన చోట. వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. ఏటవాలు గీతలకూ అంతే. అవి ఏటవాలు గీతలని బయ్యప్పకు ఎవరు చెప్పారు? ఆయన చదివిన బొమ్మలన్నీ నేల మీద సుద్దతో గీసిన పూర్తి కొలతలే. గీత కనబడితే ముల్లు పెట్టి, ఎంత ఉంటే అంత కోస్తాడు. వాళ్ళ తాత ముత్తాతల నుంచీ పని అదే.

"నీ గీత తప్పలా, నా చెయ్యి తప్పలా," అన్నాడు బయ్యప్ప. "నాకూ ఒకసారి అనుమానమొచ్చిందిలే. రాట్నం మనిషి మొహానికి ఇంత దగ్గరెందుకబ్బా అని. మా ఇంట్లో పట్టు తీసేవాళ్ళు లేరు. అడుగుదామనుకున్నా. కింద చూస్తే గవర్నమెంటు మొహరు ఉండాది. మొహరు ఉండే కాగితాన్ని తప్పని అడిగేదానికి నేనెవర్ని?"

 తిట్టడానికి వచ్చిన తాత, బయ్యప్ప ఇచ్చిన మజ్జిగ తాగాడు.

"పట్టీలకు అతుకు పెట్టి లోతు పెంచితే?" అని అడిగాడు.

"పెట్టొచ్చు. ఒక బెంచీకి నాలుగు పట్టీలు చాలు. టేకు ఉండాల. టేకుకు పర్మిట్ ఉండాల. పర్మిట్‌కు మీ ఇన్‌స్పెక్టరు రాసీయాల. రాపించుకొని రా, కూలి లేకుండా చేసిస్తా."

తాత ఆ మాట పట్టుకుని ఇల్లు చేరాడు. మళ్ళీ గీశాడు. మూడో బొమ్మ. ఈసారి లోతు అంతా గీశాడు. రైలు పెట్టెలాగే వచ్చింది. ప్రతి గీత పక్కనా అంకె వేశాడు, కోడి గెలికినట్టే వేశాడు, సిరాతో వేశాడు. అది పట్టుకుని ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాడు. పన్నెండోసారి పద్మనాభయ్య దొరికాడు. మనిషి చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు కూడా. తాత కూర్చోలేదు.

"అంజినప్పా, నేను రిపోర్టు రాసేసినాను. ఎత్తు బెంచీ పద్ధతి పట్టు తీసేదానికి పనికిరాదు అని. అది పైకి పోయింది. పనికిరాదని రాసిన చేత్తో పనికొస్తుందని ఎట్ల రాయమంటావు?"

"ఒక్క బెంచీకి స్వామీ. నలభై వద్దు. ఒక్కదానికి నాలుగు పట్టీలు."

"ఒకటైనా నలభై అయినా రాత ఒకటే." బొమ్మను చూడకుండానే, మడిచి, తాత చేతిలోనే పెట్టేశాడు. "వ్యవసాయం ఉందన్నావు కదా, అది చూసుకో."

ఇంటికొచ్చి చెన్నమ్మకు చెప్పాడు. ఆవిడ రాగిముద్ద కెలుకుతోంది. పొయ్యి ముందర వంగి ఉంది. పొయ్యి ముందర లేకపోయినా వంగే ఉండేది.

"పోనీలే," అంది. తర్వాత, "నాకు తెలీలా అంటిని గదా నేను. ఆ పొద్దే అంటిని," అంది. ఆవిడ ఆయన్ను దెప్పిన మాట అదొక్కటే. తాతకు అదొక్కటే చాలు. 

నలభై బెంచీలు షెడ్ల వెనక మిగిలిపోయాయి. గవర్నమెంటు సొత్తు కాబట్టి కొట్టి పొయ్యిలో పెట్టడానికి లేదు. అమ్మడానికి లేదు. అతుకు పెట్టడానికి అసలే లేదు. ఏడాదికోసారి ఎవరో వచ్చి నలభయ్యీ ఉన్నాయా అని చూసి పోయేవాళ్ళు. ఒక వాన కాలంలో వాటి మీద తాటాకు కప్పుదామని తాత అడిగితే, "నీ బిడ్డలా అవి?" అన్నాడు గుండప్ప. ఆడవాళ్ళు ఎండబెట్టిన చీరలు వాటి మీద ఆరేసుకునేవాళ్ళు. కోళ్ళు వాటి కింద పొదిగేవి. టేకు మంచిది కాబట్టి త్వరగా పుచ్చిపోలేదు కూడా. తాత పనిలోకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి గుండప్ప షెడ్డు వెనకున్న పన్నెండింటిని చూడాల్సి వచ్చేది. మొహాలు షెడ్డు గోడ వైపు తిప్పి పెట్టాడు, ఎవరూ చూడనప్పుడు. మొహం కనబడకపోతే అవేవో తేల్చుకోవడం ఇంకొకరికి కష్టం, ఆయనకు మాత్రం కాదు.

యుద్ధం అయిపోయింది. సిపాయిలు దూకడం మానేశారు. ఇన్‌స్పెక్టర్లు రావడం మానేశారు. నలభై ఆరులో, చలి రోజుల్లో, ఒక సాయంత్రం చెన్నమ్మ గోడ పట్టుకుని లేవబోయి లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని లేపారు. కాళ్ళు నిలబడ్డాయి కానీ నడుము కూర్చున్నట్టే ఉండిపోయింది. తాత వీపు మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. బరువేమీ లేదట. ఆ తర్వాత ఆవిడ షెడ్డుకు పోలేదు. వెల్లకిలా పడుకోలేదు కూడా. పక్కకు తిరిగి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని పడుకునేది.

గుండప్ప షెడ్డులో ఆవిడ చోటు వారం రోజులు కూడా ఖాళీగా లేదు. చెన్నమ్మ చెల్లెలు మునిరత్నమ్మ, మొగుడు పోయి మంచేనహళ్ళి నుంచి తిరిగి వచ్చిన మనిషి, ఆ తలుపు పక్క పొయ్యి దగ్గరే కూర్చుంది. వద్దని తాత అనలేకపోయాడు. ఇంట్లో చెన్నమ్మ కూలి రావడం లేదు. మునిరత్నమ్మ వీపు ఇంకా నిటారుగా ఉంది. కొడవలి పట్టిన చేతులు, నీళ్ళ వేడికి ఉలిక్కిపడి వెనక్కి వస్తున్నాయి.

తాత పక్క వరసలో చక్రానికి చీల దిగగొడుతున్నాడు.  ఉండబట్టలేక, "నడుము వంచద్దమ్మా. నిటారుగా కూచో," అన్నాడు.

మునిరత్నమ్మ నవ్వింది. "నిటారుగా కూచుంటే చెయ్యి నీళ్ళకు అందదు బావా."

ఎంత అందదో తాతకు అంగుళాలతో సహా తెలుసు.  సుత్తి ఎత్తి, అప్పటికే దిగిపోయిన చీలను ఇంకో రెండు దెబ్బలు కొట్టాడు.